సాక్ష్యం ఎవరిది, రాత ఎవరిది?

తెలుగు సాహిత్యంలో విధవరాలు అనగానే తెల్లచీర, బోడిగుండు, వంటింటి చీకటి గుర్తొస్తాయి. ఆ విధవరాలు బ్రాహ్మణ ఇంటిది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం చేయించిన మొదటి వితంతు వివాహం ఆమె కోసమే. 'కన్యాశుల్కం'లో బుచ్చమ్మ, మీనాక్షి ఆ ఇళ్ళవాళ్ళే. వాళ్ళ కష్టం అబద్ధమని నేననను. ఆ కష్టాన్ని 'తెలుగు స్త్రీ కష్టం' అని పాఠ్యపుస్తకాల్లో వేసి మా పిల్లల చేత కూడా బట్టీ పట్టించారు చూడండి, నా పేచీ అక్కడే. మా మాదిగపల్లెలో మొగుడు చచ్చిన ఆడదానికి మారుమనువు ఎప్పట్నుంచో ఉంది. దానికోసం సంస్కర్త పుట్టక్కర్లేదు. మాకు లేనిది రెండోపెళ్ళి కాదు. మొగుడు పోయిన మూడోరోజు పొద్దున పొయ్యి మీదికి గింజలు లేవు. అప్పులోడు గుమ్మంలో నిలబడకుండా ఆపే దిక్కు లేదు. మా విధవరాలి కథ అక్కడ మొదలవుతుంది. ఆ కథకి సాహిత్యంలో చోటెక్కడ?

దళిత సాహిత్యం వచ్చింది, చోటు దొరుకుతుందనుకున్నాం. కొంత దొరికింది కూడా. 1995లో 'చిక్కనవుతున్న పాట' వచ్చాక తెలుగు కవిత్వం మునుపటిలా లేదు. 2003లో గోగు శ్యామల 'నల్లపొద్దు' తెచ్చాక దళిత స్త్రీలు రాయలేదనే మాట అనడానికి ఎవరికీ నోరు లేకుండా పోయింది. ఈ పుస్తకాలు నాకు బలం. ఐనా చదువుతున్నంతసేపూ ఒక వెలితి తగులుతూనే ఉంటుంది. మా కోస్తా పల్లెల్లో దళిత స్త్రీ ఆదివారం ఎక్కడికి పోతుంది? శుక్రవారం ఉపవాస కూడికలో మోకాళ్ళ మీద కూచుని ఏం చెప్పుకుంటుంది? బిడ్డ చచ్చినా, మొగుడు చచ్చినా ఏ మాట పట్టుకుని లేచి నిలబడుతుంది? కరపత్రంలోనూ కవితా సంకలనంలోనూ ఈ స్త్రీ కోపంగా కనపడుతుంది, కన్నీళ్ళతో కనపడుతుంది, కొడవలితో కనపడుతుంది. బైబిలు చంకలో పెట్టుకుని మాత్రం చాలా తక్కువసార్లు కనపడుతుంది. కనపడినా ఏమీ తెలియని అమాయకురాలిగానే. మనవాళ్ళకి చర్చి అంటే చిన్నతనమా? లేకపోతే సర్టిఫికెట్ భయమా? రెండోదే ఎక్కువని నా అనుమానం. ఆ సంగతి తరవాత చెప్తాను.

నేను తిరువూరు దాన్ని. ఒకప్పుడు కృష్ణా జిల్లా, 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లా. తెలంగాణ సరిహద్దు. మామిడితోటలు, మిరపచేలు. మా నియోజకవర్గం ఎస్సీ రిజర్వుడు. ఎమ్మెల్యే సీటు మాకొచ్చింది గానీ తోటలు ఎవరివి వాళ్ళకే ఉన్నాయి. నా భర్త ఆ తోటల్లోనూ చేలల్లోనూ మందు కొట్టేవాడు. మూతికి తువ్వాలు కట్టుకోవడం తప్ప ఇంకో రక్షణ తెలీదు. కిడ్నీలు పాడయ్యాయి. మందు వల్లా, నీళ్ళ వల్లా, ఒళ్ళు హూనమయ్యే పని వల్లా అని ఏ డాక్టరూ కాగితం మీద రాసివ్వలేదు. మా పక్కనున్న ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీలు పోయిన మనుషుల గురించి పేపర్లలో వస్తే ఇప్పుడు అందరూ చదువుతున్నారు. ఆ ఇళ్ళల్లో మిగిలిన ఆడవాళ్ళ గురించి ఎవరు రాస్తున్నారు? నా భర్త 2009లో పోయాడు. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు, ఇద్దరు పిల్లలు. అప్పట్లో వితంతు పింఛను నెలకి రెండొందలు. 2024 జులైలో అది నాలుగు వేలయ్యింది. మంచిదే. ఆ రెండొందల కోసం నేను తిరిగిన తిరుగుడు నాకింకా గుర్తుంది.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. దళిత స్త్రీల ఆత్మకథ తెలుగులో ఎప్పుడు మొదలైంది? పుస్తకాలు చూసి మాట్లాడేవాళ్ళు ఏవో తారీఖులు చెప్తారు. నేను చెప్పేది వేరు. మా ఆత్మకథ మొదలైంది 'సాక్ష్యం'తో. చర్చికెళ్ళే ప్రతి దళితవాడకీ ఈ మాట తెలుసు. కూడికలో ఒకామె లేచి నిలబడుతుంది. నెత్తిన ముసుగు సర్దుకుంటుంది. అందరికీ వందనాలు చెప్పి, ముందు తనెట్లా ఉండేదో, ఏ కష్టమొచ్చిందో, ప్రభువు ఎట్లా నిలబెట్టాడో చెప్తుంది. చదువు రాకపోయినా చెప్తుంది. పది నిమిషాలు ఎవ్వరూ అడ్డం రారు. ఇంట్లో మొగుడు వినడు, చేలో ఆసామి వినడు, పంచాయితీలో పెద్దమనుషులు వినరు. అక్కడ మాత్రం యాభైమంది చేతులు కట్టుకుని వింటారు. ఒక మాదిగామె 'నేను' అని మొదలుపెట్టి తన బతుకు తాను చెప్పుకునే చోటు, పదిమందీ కూచుని వినే చోటు, మా వాడలో ఇంకోటి చూపించండి.

దీనికి చరిత్ర ఉంది. 1876-78 కరువు తరవాత ఒంగోలు మిషనులో 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగలు. 'బియ్యం క్రైస్తవులు' అని ఎగతాళి చేసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. కరువులో క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో ఒక ముక్క కాంట్రాక్టు తీసుకుని మావాళ్ళకి పని చూపించాడు. తట్ట మోసి కూలి తెచ్చుకున్నారు. ఊళ్ళో గింజ దొరకనివాడు పనీ మర్యాదా ఇచ్చినవాడి దేవుణ్ణి నమ్మితే అది తిండియావ అయ్యిందా? మరి గుళ్ళో ప్రసాదం పెట్టినచోటికి పోయేవాళ్ళది భక్తా? ఆ మాదిగల జీవితకథలు కొన్ని ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకంలో రాసింది. అది ఇంగ్లీషు పుస్తకం, దూరదేశాల్లో చదువుకోడానికి. మా తాతముత్తాతల మాట మొదట అచ్చయింది మాకు రాని భాషలో. ఇక్కడి పత్రికలకి అప్పుడు మావాళ్ళు మనుషులుగా కనపళ్ళేదు.

ఇదే కాలంలో పండిత రమాబాయిని చూడండి. ఆమె భర్త 1882లో పోయాడు. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం తీసుకుంది. వితంతువుల కోసం శారదా సదన్ పెట్టింది. 1907లో తన సాక్ష్యాన్ని పుస్తకంగా రాసింది. నేనామెను గౌరవిస్తాను. పుట్టుకతో వచ్చిన చదువును తన కులపోళ్ళ మీదికే తిప్పిన మనిషి. ఐతే ఒక తేడా ఉంది. ఆమెకి సంస్కృతం వచ్చు, కాబట్టి ఆమె సాక్ష్యం గ్రంథమయ్యింది. మా వాడ మనిషికి చెప్పు కుట్టడం వచ్చు, చెయ్యి నాటడం వచ్చు. ఆమె సాక్ష్యం గాలిలో కలిసిపోయింది. దాన్ని సాహిత్యమని ఎవరూ లెక్కెయ్యలేదు. జాషువా గారి 'గబ్బిలం' 1941లో వచ్చింది. మనందరికీ తలమానికం. అందులో గోడు వెళ్ళబోసుకునేది మగవాడు. ఆ గుడిసెలో మొగుడు పోయిన ఆడది ఏ పిట్టతో ఏ కబురు పంపేదో తెలుసుకోవాలంటే పద్యం చాలదు, కూడికలో కూచుని సాక్ష్యాలు వినాలి.

ఐతే సాక్ష్యం మొత్తం మంచిదేనని నేను దండ వెయ్యను. విమర్శ అంటే మనదాన్ని కూడా గీటురాయి మీద పెట్టాలి. మా సాక్ష్యానికి ఒక అచ్చు తయారైంది. ముందు చీకటి, తరవాత పిలుపు, చివర వెలుగు. చివర వెలుగు లేకపోతే సాక్ష్యం పూర్తి కానట్టే. నా భర్త పోయిన ఏడాదికి నన్ను సాక్ష్యం చెప్పమన్నారు. ఆయన రోగం చెప్పాను, అప్పు చెప్పాను, మందు కొట్టించుకున్న ఆసామి ఆస్పత్రి ఖర్చుకి పైసా ఇవ్వలేదని చెప్పాను. కూడిక అయ్యాక సంఘపెద్ద ఒకాయన పక్కకి పిలిచి, 'అమ్మా, ఆసామి సంగతి ఎందుకు, దేవుడు చేసిన మేలు చెప్తే చాలు కదా' అన్నాడు. మంచిగానే అన్నాడు. ఆయన కొడుకు ఆ ఆసామి దగ్గరే పనిలో ఉన్నాడు. అదీ సంగతి. సాక్ష్యంలో దేవుడికి చోటుంది, సైతానుకి చోటుంది, భూస్వామికి లేదు. రోగం ఉంటుంది గానీ రోగం తెచ్చిన కూలి ఉండదు. అట్లా మా ఆత్మకథ సగం కోసేసి బయటికొస్తోంది.

రెండోవైపు ఉద్యమం. సభలకి పోతే అక్కడా నన్ను మాట్లాడమన్నారు. ఆసామి సంగతి చెప్తే చప్పట్లు కొట్టారు. ఆ రాత్రుళ్ళు ప్రార్థన లేకపోతే నేను పిల్లల్ని తీసుకుని బావిలో పడేదాన్ని అని చెప్తే నిశ్శబ్దం. ఒక తమ్ముడు, చదువుకున్నోడు, మంచి కార్యకర్త, 'అక్కా, దేవుణ్ణి తీసేసి రాయి, బలంగా ఉంటది' అన్నాడు. చర్చిలో ఆసామిని తియ్యమన్నారు, సభలో దేవుణ్ణి తియ్యమన్నారు. రెండూ తీసేస్తే ఇంక నాదేం మిగిలింది తమ్ముడూ? మా మనిషిని ఒకళ్ళు ఆత్మ అనుకుంటున్నారు, ఇంకొకళ్ళు జెండాకర్ర అనుకుంటున్నారు. నేను రెండూ కాదు. మొగుడు పోయి, పిల్లల్ని పెంచి, అంగన్‌వాడీలో ఆయాగా చేసుకుంటూ, అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఆపైన ఎం.ఏ. తెలుగు చదువుకున్న మనిషిని.

నమ్మకం అంటే ఏంటో ఇక్కడ చెప్పాలి. లేకపోతే నల్లమందు అనే పాతమాట మళ్ళీ తిరిగొస్తది. ఆయన్ని సమాధుల తోటలో పెట్టి వచ్చాక ఆర్నెల్లు నాకు ప్రార్థన రాలేదు. మాట పెగల్లేదు. ఆ ఆర్నెల్లూ నా బదులు ఇంకెవరో చేశారు. మా స్త్రీల కూడికలో ఒక పద్ధతుంది. ప్రతి ఇంట్లో అన్నం వండేముందు పిడికెడు బియ్యం తీసి వేరే డబ్బాలో పోస్తారు. ఆదివారం అవన్నీ చర్చికొస్తాయి. ఆ బియ్యం మా ఇంటికొచ్చాయి. ఇచ్చినవాళ్ళు కలిగినవాళ్ళు కాదు, మిరప కోతకి పోయే కూలీలే. సారెపతు విధవరాలి కథ వినే ఉంటారు. కరువులో ఆమె దగ్గర మిగిలిన పిడికెడు పిండీ కొంచెం నూనే కరువు తీరేదాకా అయిపోలేదని ఆ కథ. అద్భుతం ఎట్లా జరిగిందని పెద్ద చదువులవాళ్ళు వాదించుకుంటారు. డబ్బాలో బియ్యం ఎట్లా అయిపోకుండా ఉంటాయో మాకు తెలుసు. నలభై ఇళ్ళ పిడికిళ్ళు కలిస్తే అయిపోవు. నా దేవుడు ఆ డబ్బాలోంచే నాకు కనపడ్డాడు. మత్తెక్కించే మందైతే నన్ను పడుకోబెట్టాలి కదా! నన్ను లేపి పనిలోకి, చదువులోకి, కోర్టు మెట్ల మీదికి పంపించిందేంటి మరి?

లేచాక బైబిలు నా అంతట నేను చదవడం మొదలుపెట్టాను. చదివేకొద్దీ నాకో సంగతి తెలిసింది. ప్రసంగాల్లో విన్న విధవరాళ్ళు వేరు, గ్రంథంలో ఉన్న విధవరాళ్ళు వేరు.

రూతునే తీసుకోండి. పెళ్ళిళ్ళలో ఆమెను అణిగిమణిగి ఉండే కోడలికి గుర్తుగా చెప్తారు. రూతు చేసిన పనేంటి? పరిగె ఏరుకుంది. కోత అయ్యాక చేలో రాలిన కంకులు ఏరుకుంది. తెలుగు బైబిల్లో 'పరిగె' అనే మాట చదవగానే నా నడుం నొప్పి నాకు గుర్తొచ్చింది. ఆమె పరాయి జాతిది, మోయాబుది, మొగుడు పోయినది, పొట్టకోసం ఆసామి చేలో దిగింది. ఆమె జోలికి పోవద్దని ఆ ఆసామి తన పనివాళ్ళకి చెప్పాల్సి వచ్చింది. అంటే చేలో దిగిన దిక్కులేని ఆడదానికి ఏం జరిగేదో ఆ గ్రంథం దాచలేదు. పైగా పరిగె దానం కాదు. పరదేశికీ తండ్రి లేనివాడికీ విధవరాలికీ చేలో మిగిల్చి తీరాలని ధర్మశాస్త్రంలోనే ఉంది. అది హక్కు. కూలిరేటు గురించి, భూమి గురించి ప్రసంగించడానికి ఇంతకన్నా మంచి వాక్యభాగం ఏముంది? ఒక్క పాస్టరయ్య నోటా నేను వినలేదు. రూతు అత్త నయోమినే చూడండి. మొగుడూ కొడుకులూ పోయి ఊరికి తిరిగొచ్చి, నన్ను పాతపేరుతో పిలవొద్దు, చేదు అనే అర్థమొచ్చే పేరుతో పిలవమంది. దేవుడే నాకిట్లా చేశాడని మొహం మీద అంది. అంత చేదుని గ్రంథంలో ఉంచారు. మా కూడికలో చేదుకి చోటెందుకు లేదు?

రెండు కాసుల విధవరాలి సంగతి ఇంకా విచిత్రం. కానుకల సంచి తిప్పేముందు ఆమె కథ చెప్పని చర్చి ఉండదు. ఉన్నదంతా వేసింది, మీరూ వెయ్యండి అంటారు. మార్కు సువార్త పన్నెండో అధ్యాయం తీసి సరిగ్గా దానికి పైన ఉన్న మాట చదవండి. విధవరాళ్ళ ఇళ్ళు దిగమింగే మతపెద్దల మీద యేసు మండిపడతాడు అక్కడ. వెంటనే ఈమె ఉన్నదంతా పెట్టెలో వేసి పోతుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చదివితే అది కానుక మీద మెచ్చుకోలు మాత్రమేనా, లేక ఆమె కొంపని మింగిన గుడి మీద నేరారోపణ కూడానా? నాకు రెండోది గట్టిగా వినపడుతుంది. పై వాక్యం వదిలేసి కింది వాక్యం చదవడం చర్చి చేస్తున్న పాపం. దానికి ఎవరు సాక్ష్యం చెప్పాలి?

ఎలీషా దగ్గరికొచ్చిన విధవరాలి కథలో అప్పులోడు ఆమె ఇద్దరు కొడుకుల్ని బానిసలుగా తీసుకుపోడానికి వస్తాడు. అప్పు కింద పిల్లల్ని పాలేర్లుగా పెట్టిన కథ మా వాడలో ఏ తాతనడిగినా చెప్తాడు. అపొస్తలుల కార్యాల్లో ఆరో అధ్యాయం చూడండి. రోజువారీ పంపకంలో ఒక గుంపు విధవరాళ్ళని పక్కన పెడుతున్నారని సణుగు పుట్టింది. వాళ్ళు గ్రీకుభాష వాళ్ళు. సణుగుడు పాపమని అపొస్తలులు అనలేదు. ఏడుగుర్ని ఏర్పరిచి పంపకం సరిచేశారు. మాలగుడి, మాదిగగుడి అని ఇప్పటికీ చెప్పుకునే మన సంఘాల్లో ఈ అధ్యాయం మీద ప్రసంగం ఎన్నిసార్లు విన్నారు? లూకా సువార్తలో న్యాయాధిపతిని విసిగించి విసిగించి న్యాయం తెచ్చుకున్న విధవరాలు ఉంది. విసుగులేని ప్రార్థనకి గుర్తు అంటారు. సరే. ఆమె మోకాళ్ళ మీద కూచోలేదు గదా, ఆఫీసుకి తిరిగింది. నేను ఆ రెండొందల పింఛను కోసం తిరిగినప్పుడు నాకు తోడొచ్చింది ఆమే.

ఇప్పుడు ముందు ఆపిన సంగతికి వస్తాను. సర్టిఫికెట్ సంగతి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులకే ఎస్సీ హోదా. 1956లో సిక్కుల్నీ 1990లో బౌద్ధుల్నీ చేర్చారు. క్రైస్తవుల్ని చేర్చలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ చేర్చమంది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది. మన రాష్ట్రంలో క్రైస్తవంలోకి మారిన ఎస్సీలు బీసీ-సి. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, క్రైస్తవంలోకి మారినవాళ్ళు అత్యాచారాల నిరోధక చట్టం కింద రక్షణ కోరలేరని తీర్పు చెప్పింది. ఒక పాస్టరు పెట్టిన కేసులో వచ్చింది ఆ తీర్పు. దీని అర్థమేంటి? కూడికలో లేచి నా బతుకు నేను చెప్పుకుంటే రేపు అదే నా మీద సాక్ష్యమవుతుంది. తిట్టేవాడు కులం పేరుతోనే తిడతాడు. బైబిలు పట్టుకున్నానని మాదిగదాన్ని కాదనుకుని మర్యాద ఇచ్చిన ఆసామి నాకింతవరకూ తగల్లేదు. బాప్తిస్మం నీళ్ళతో కులం పోదని ఊరికి తెలుసు, కోర్టుకే తెలీదు. దళిత సాహిత్యంలో చర్చి ఎందుకు కనపడదంటే ఇదీ కారణం. అంబేద్కర్ బొమ్మ పక్కన సిలువ బొమ్మ గోడకి తగిలించుకున్న ఇళ్ళు లక్షలున్నాయి. ఆ గోడ మాత్రం కథలోకి రాదు. మనం సిగ్గుపడి దాచలేదు, బతకడానికి దాచాం. చదివే విద్యార్థులు ఈ తేడా పట్టుకోవాలి.

సాక్ష్యం అనే మాటకి ఇంకో అర్థం కూడా మనవాళ్ళకి నెత్తుటితో తెలుసు. 1985 జులై 17న కారంచేడు. తరిమితే మావాళ్ళు చేరింది చీరాల చర్చి ఆవరణకి. 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిదిమంది దళితుల్ని చంపేశారు. కేసు కోసం ఆ ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. మావాళ్ళు బోనెక్కి సాక్ష్యం చెప్పారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. మనవాళ్ళ సాక్ష్యం నమ్మలేదు, అంతే. ఆ తీర్పు వార్త చదివిన రోజు నేను లూకా సువార్త చివరి అధ్యాయం తీశాను. సమాధి దగ్గరికి పొద్దున్నే పోయింది ఆడవాళ్ళు. ఆయన లేచాడని వచ్చి చెప్పింది ఆడవాళ్ళు. విన్న మగవాళ్ళు ఏమనుకున్నారు? వెర్రిమాటలనుకున్నారు. నా మతం ఆడవాళ్ళు చెప్పిన, ఎవరూ నమ్మని సాక్ష్యం మీద నిలబడి ఉంది. నమ్మలేదని ఆ ఆడవాళ్ళు చెప్పడం మానలేదు. నాకు ఆశ అనేది ఏదైనా ఉంటే అది ఇదే. పరలోకంలో ఆయన్ని కలుస్తానన్న నమ్మకం నాకుంది, దాన్ని ఎవరికీ రుజువు చెయ్యక్కర్లేదు. కానీ ఈ భూమ్మీద నన్ను నడిపించింది మాత్రం నమ్మనివాళ్ళ ముందు కూడా మాట ఆపని ఆ ఆడవాళ్ళు.

కాబట్టి సంకలనాలు వేసేవాళ్ళకీ పరిశోధన చేసే పిల్లలకీ నా మాట ఒకటే. మా సాక్ష్యాలు రాసుకోండి. తిరువూరులో, గంపలగూడెంలో, ఎ.కొండూరులో, విస్సన్నపేటలో శుక్రవారం కూడికలకి పోయి వెనక వరసలో కూచోండి. చెప్పింది చెప్పినట్టు రాయండి. 'స్తోత్రం' అనే మాట కొట్టెయ్యొద్దు, ఆసామి పేరూ కొట్టెయ్యొద్దు. ఆమె పేరు వెయ్యాలో వద్దో ఆమెనే అడగండి. సర్టిఫికెట్ ఆమెది, బతుకు ఆమెది. సంఘపెద్దలకీ ఒక మాట. విధవరాలు లేచి నిలబడినప్పుడు చివర వెలుగు కోసం తొందరపెట్టకండి. నయోమికి ఇచ్చినంత సమయం మాక్కూడా ఇవ్వండి. మా పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. పెద్దది నర్సింగు చదివింది, చిన్నోడు డిప్లొమా చేస్తున్నాడు. వాళ్ళ నాయన ఎట్లా పోయాడని ఎవరైనా అడిగితే మొత్తం చెప్పమన్నాను, మందూ ఆసామీ అప్పూ పిడికెడు బియ్యం ప్రార్థనా ఏదీ వదలకుండా.